పాటకు మార్కులు వేయుట

మన పాఠశాల బాలబాలికలు ఈ దినములలో పాటలను గుఱించి మాటలాడునపుడు ఏదో యొక అంకెను తప్పక చెప్పుచున్నారు. ఒక చలనచిత్రపు పాటలు విడుదలయైన నాడే, వానికి అయిదింట మూడు వచ్చినవనియో, రెండుముప్పాతిక వచ్చినవనియో చేతిఫోనులో చూచి, అవి వినదగినవా కావా యని తీర్మానించుకొనుచున్నారు. పాట చెవిని పడకమునుపే అంకె కంటబడుచున్నది. ఈ యలవాటు చిన్నదిగా కనబడినను దాని ఫలము చిన్నది కాదు. అంకె లేని పాట పాటయే కాదను తలంపు దాని వెంబడి వచ్చును. మన కొండలలోని పాటలకు అంకెలు వేసినవారెవ్వరును లేరు. కావున క్రొత్త పాటలను విమర్శకులు ఎట్లు పరీక్షింతురు, అంకెలను ఎట్లు వేయుదురు, వానిని మనము ఎంతవఱకు నమ్మవచ్చును అను విషయములను గుఱించి మా యభిప్రాయమును ఇచ్చట తెలుపుచున్నాము.

మొదట ఆల్బము అను మాటను విచారింతము. పూర్వపు గ్రామఫోను పళ్లెము నిమిషమునకు 78 చుట్లు తిరుగుచు, ఒక ప్రక్క మూడు నాలుగు నిమిషముల గానమును మాత్రమే పట్టగలిగియుండెను. దీర్ఘమైన సంగీతమునకు అనేకములైన పళ్లెములు కావలసివచ్చెను. వర్తకులు వానిని ఛాయాచిత్రముల పుస్తకమువంటి సంచుల పుస్తకములో పెట్టి అమ్మిరి. అందువలన ఆ పేరు కలిగెను. 1948లో కొలంబియా కంపెనీవారు అమెరికాలో దీర్ఘకాలము మ్రోగు పళ్లెమును వెలువరించిన పిమ్మట ఆ పళ్లెమొక్కటియే ఆల్బమాయెను. తరువాత క్యాసెట్టు వచ్చెను, కాంపాక్టు డిస్కు వచ్చెను. నేడు ఫోనులో వినువారికి పళ్లెముతోను పెట్టెతోను పని లేదు. పేరు మాత్రము నిలిచినది. మన దేశమున 1902లో గైస్‌బర్గు అను నతడు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ మొదలగువారి గానమును యంత్రమున పట్టెను. నాటినుండి పాట, పాడువారినుండి వేరుపడి, అంగడిలో దొరకు వస్తువు కూడ నాయెను. వస్తువు అంగడికి వచ్చినపుడు, డబ్బిచ్చి కొనువానికి మంచిచెడ్డలు చెప్పువాడు అవసరమగును. రికార్డుల విమర్శకుడు ఇట్లు పుట్టెను.

1923లో కాంప్టన్ మెకంజీ అను రచయిత లండనులో ది గ్రామఫోన్ అను పత్రికను స్థాపించెను. క్రొత్త పళ్లెములను విని వాని గుణదోషములను వ్రాయుట దాని ముఖ్యోద్దేశము. మన దక్షిణదేశమున కల్కి కృష్ణమూర్తి గారు కర్నాటకం అను మాఱుపేరుతో ఆనందవికటన్ పత్రికలో సంగీత విమర్శలు వ్రాసి, గాయకులకు భయమును శ్రోతలకు విజ్ఞానమును కలిగించిరి. ఇట్టి విమర్శలకు బలము మాటలయందే యుండెను. గాయకుడు రాగమును ఎంత విస్తరించెను, సాహిత్యము చెవికి స్పష్టముగా వచ్చెనా, తాళము నిలిచెనా అను విషయములు చదువరికి తెలియుచుండెను. చదువరి విమర్శకునితో అంగీకరింపవచ్చును, అంగీకరింపక పోవచ్చును. కాని కారణము అతని యెదుట ఉండెను.

అంకెలు తరువాత ప్రబలినవి. 1969లో అమెరికాలో రాబర్ట్ క్రిస్ట్‌గౌ అను విమర్శకుడు విలేజ్ వాయిస్ పత్రికలో, ఉపాధ్యాయుడు పరీక్షాపత్రములకు వేయునట్లు, ఆల్బములకు అక్షరముల శ్రేణులు వేయనారంభించెను. 1995లో ఏర్పడిన పిచ్‌ఫోర్క్ పత్రిక సున్న మొదలు పది వఱకు దశాంశములతో మార్కులు వేయు పద్ధతిచే ప్రసిద్ధి చెందెను. 2001లో వచ్చిన మెటాక్రిటిక్ అను సంస్థ పలువురు విమర్శకుల తీర్పులను నూటికి ఇన్నియని మార్చి సరాసరి కట్టుచున్నది.

విమర్శకుని పని జరుగు విధమును తెలిసికొనుట మంచిది. ఆల్బము విడుదలకు కొన్ని దినములు ముందుగా కంపెనీవారు దానిని పత్రికలకు పంపుదురు. నియమితదినమునకు ముందు విమర్శను ప్రకటింపరాదని షరతు పెట్టుదురు. శ్రద్ధగల విమర్శకుడు దానిని పలుమాఱులు వినును. ఆ గాయకుని పూర్వపు పాటలతో పోల్చును. వాద్యములు, రచన, శబ్దగ్రహణము వేఱువేఱుగా గమనించును. పిమ్మట పత్రికలో తనకు దొరకిన స్థలమున తన తీర్పును వ్రాయును. అంకెను కొన్నిచోట్ల వ్రాసినవాడే వేయును. కొన్నిచోట్ల సంపాదకవర్గమువారు కూడి నిర్ణయింతురు. అనగా చదువరి చూచు అంకె వ్రాసినవాని చెవికి తోచినదే కాకపోవచ్చును. తెలుగు చలనచిత్రపు పాటలకైతే తొందర యింకను ఎక్కువ. పాట వెలువడిన కొన్ని గంటలలోపల, పాడినవారి పేరు, వ్రాసినవారి పేరు, రెండు మూడు వాక్యములు, క్రింద అయిదింట ఒక అంకె వచ్చును. ఆ ప్రక్కనే ఆ చిత్రపు ప్రకటన కూడ తఱచుగా నుండును. ప్రకటనకు డబ్బిచ్చినవానిని తూచువాడు త్రాసును నిటారుగా పట్టుకొనుట కష్టమని వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఈ అంకెలు ఎంత గట్టివో చూతము. మన లెక్కల తరగతి విద్యార్థులకు సులభమైన ఉదాహరణ మొకటి చెప్పెదము. ఒక ఆల్బమునకు ఒకరు నూటికి 100, మఱియొకరు 20 వేసిరనుకొందము, సరాసరి 60. ఇంకొక ఆల్బమునకు ఇద్దరును 60 వేసిరి, సరాసరి 60. మొదటిది ఒకరిని పరవశుని చేసి మఱియొకరిని విసిగించిన పాట. రెండవది ఎవరిని కదల్పని పాట. సరాసరి ఈ రెంటిని ఒకటిగా చూపుచున్నది. అట్లే పదింట 7.8 వచ్చిన పాటకును 7.9 వచ్చిన పాటకును గల భేదమును వినగల చెవి ఈ లోకమున ఎక్కడ నున్నదో మాకు తెలియదు.

2004లో ట్రావిస్ మారిసన్ అను గాయకుని ఆల్బమునకు పిచ్‌ఫోర్క్ పత్రిక పదింట సున్న వేసెను. అంతకుముందు ఆయన తన బృందముతో మంచి పేరు పొందినవాడు. ఆ సున్న ఆయన పేరును ఎంత గట్టిగా అంటుకొనెననగా, ఆ ఆల్బమును గుఱించి ఎవరు చెప్పినను మొదట దానినే చెప్పుచున్నారు. అందలి పాటలను విన్నవారికంటె ఆ సున్నను ఎఱిగినవారే హెచ్చు. 2021లో అదే పత్రికవారు తాము పూర్వము తీర్పు చెప్పిన 19 ఆల్బములను మరల తీసికొని, వాని మార్కులను మార్చి ప్రకటించిరి. తీర్పును సవరించుకొనుట మంచి గుణమే. దానిని మేము నిందింపము. కాని ఆ పాటలలో ఒక స్వరమైనను మాఱలేదు. మాఱినది విన్నవారి మనస్సు. కాబట్టి అంకె పాట యొక్క బరువు కాదు, ఆ దినమున విన్నవారి మనఃస్థితికి గుర్తు మాత్రమే యని తేలుచున్నది.

అయినచో విమర్శయే వలదా? కొందఱు అట్లే యందురు. ఎవరి రుచి వారిది, ఒకరి పాటను మఱియొకరు తూచుట యేల యందురు. ఈ మాట వినుటకు మృదువుగా నుండును గాని మేము దీనిని అంగీకరింపము. అన్నియు సమానమే యన్నచో సాధన చేసినవానికిని చేయనివానికిని భేదము పోవును. ఇతరుల వరుసను దొంగిలించినవాడు, స్వయముగా కట్టినవాడు ఒక్కటే యగుదురు. 1919లో విజయనగరమున మహారాజావారి సంగీతకళాశాల ఏర్పడినపుడు, విద్యార్థిగా చేరవచ్చిన ద్వారం వేంకటస్వామినాయుడు గారి ఫిడేలు విని, ఆయనను అచ్చటనే ఆచార్యునిగా నియమించిరని ప్రసిద్ధి. అదియు ఒక విమర్శయే. విద్య నెఱిగినవారు విని చెప్పిన తీర్పు అది. విమర్శ వలదనువారు ఇట్టి తీర్పును కూడ పోగొట్టుకొందురు. మేము కోరునది విమర్శ పోవుట కాదు. అంకె వెనుక దాగక, విమర్శ మాటలతో బయటికి వచ్చుట.

ఒక విషయమున అంకెలకు విలువ కలదని మన లోయయే సాక్ష్యము చెప్పుచున్నది. మన కొండవాలులలో పండు కాఫీ 2018లో పారిసు నగరమున ప్రీ ఎపిక్యూర్ బహుమానములలో స్వర్ణపతకమును పొందినది. 2019లో అరకులోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. కాఫీ రుచిచూచు పరీక్షకులు చాలకాలము వాడిన పట్టికలో వాసన, రుచి, పులుపు, తీపి, చిక్కదనము, పిమ్మట నాలుకపై నిలుచు రుచి మొదలగు పది అంశములకు వేఱువేఱుగా మార్కులు వేసి, నూటికి 80 వచ్చినదానిని విశేషమైన కాఫీగా నెంచిరి. అచ్చట అంకెకు అర్థము కలదు. ఏలయనగా గింజ వేపు విధము, పొడి తూకము, నీటి వేడిమి అందఱికి ఒక్కటే, పరీక్షకులును అదే పనిలో తరిబీతు పొందినవారు. అట్టి పనిలోనే 2023లో కాఫీసంఘమువారు క్రొత్త పద్ధతి నొకటి తెచ్చి, కాఫీ యెట్లున్నదని వర్ణించు పత్రమును, అది తమ కెంత నచ్చినదని చెప్పు పత్రమును వేఱుచేసిరి. వర్ణన వేఱు, ఇష్టము వేఱు అని గింజను తూచువారే కనుగొనినపుడు, పాటను తూచువారు ఆ రెంటిని కలిపి ఒక్క అంకెలో ముద్ద చేయుట న్యాయమా?

ఇక మన కొండపాటల సంగతికి వత్తుము. థింసా ఆటపాటలు మన గ్రామములలో పండుగలకు, పెండ్లిండ్లకు రాత్రులెల్ల సాగును. తుడుము, డప్పు, మోరి, కిరిడి, జోడుకొమ్ములు మ్రోగుచుండగా స్త్రీలు ఒకరి వీపు వెనుకనుండి ఒకరి చేయి పట్టుకొని, ఒక్క శరీరమువలె వరుస కట్టి యాడుదురు. ఆకులేరుటను చూపునది పోతర్ తోల థింసా. పులినుండి తప్పించుకొనుటను చూపునది భాగ్ థింసా. గ్రామదేవత గౌరవార్థ మాడునది బోడ థింసా. దీనిని మూడు నిమిషముల రికార్డుగా చేసినపుడు ఏమగును? అడుగుల చప్పుడు పోవును. వరుస వంగి తిరుగుట పోవును. ఒకరు ఎత్తుకొనగా పదిమంది అందుకొనుటలోని ఆనందము సగము పోవును. క్రింద యంత్రపు డోలు చేర్చినచో మిగిలినదియు మునుగును. అప్పుడు పట్టణమునందలి విమర్శకుడు దానిని విని, వరుస ఒక్కటే మాటిమాటికి వచ్చుచున్నదని వ్రాసి, అయిదింట రెండు వేయును. వరుస మాటిమాటికి వచ్చుట ఆ పాట దోషము కాదు. ఆడువారి అడుగులకు అదియే ఆధారము. త్యాగరాజ కీర్తనను కొలుచు కోలతో థింసాను కొలుచుట, కుంచముతో బట్టను కొలుచుటవంటిది.

ఇదే లోపము మనకు సమీపమున, విద్యార్థుల పాటల పోటీలలోను కలదు. ఇట్టి పోటీలలో సామాన్యముగా శ్రుతికిన్ని, లయకిన్ని, ఉచ్చారణకిన్ని అని మార్కుల పట్టిక యుండును. కువి భాషలోనో, పోర్జా భాషలోనో, ఆదివాసి ఒడియాలోనో పాడిన బాలిక ఉచ్చారణకు, ఆ భాషలో ఒక్క ముక్కయు తెలియని న్యాయనిర్ణేత మార్కు లెట్లు వేయును? వేయకతప్పదు గనుక వేయును. ఆ బాలిక తగ్గిన అంకెను తీసికొని యింటికి పోవును. మఱుసంవత్సరము ఆమె చలనచిత్రపు పాట నేర్చుకొని వచ్చును. తల్లి నేర్పిన పాట ఆ యింటితో ఆగిపోవును. ఎవరును ఆ పాటను నిషేధింపలేదు, ఎవరును దూషింపలేదు. పట్టికలో దానికి గడి లేకపోవుట యొక్కటే జరిగినది. మాకు కలిగిన విచార మిదియే.

మిషనువారి పాఠశాలలో ఈ మాట చెప్పుట తగునా యని కొందఱు పెద్దలు సందేహింపవచ్చును. గ్రామదేవతార్చనతో కూడిన ఆటలో క్రైస్తవవిద్యార్థి చేరవలెనని మేము చెప్పము. అది వాని మనస్సాక్షికి సంబంధించినది. కాని ఆకులేరు పాటను, పులిపాటను నేర్పుగా విని విలువకట్టుటకు విశ్వాసము అడ్డు కాదు. 150వ కీర్తనలో తంబురయు నాట్యమును స్తోత్రసాధనములుగా చెప్పబడియున్నవి. పురుషోత్తమ చౌదరి గారు (1803-1890) క్రైస్తవకీర్తనలను ఈ దేశపు రాగతాళములలో రచించిరి. నేటికిని మన కీర్తనల పుస్తకమున పాటకు పైన రాగమును తాళమును వ్రాయబడియుండుట విద్యార్థు లెఱుగుదురు. ఆ కీర్తనను ఆంగ్లేయుల హార్మోనియము పాటలతో పోల్చి, నాలుగు గొంతుల మేళవింపు లేదని తప్పు పట్టినవాడు ఎంత పొరబడునో, థింసాలో రాగాలాపన లేదని తప్పు పట్టువాడును అంతే పొరబడును.

ఈ విషయమున మనకు మంచి మాదిరి మన తూర్పుకనుమలలోనే కలదు. గిడుగు రామమూర్తి పంతులు గారు (1863-1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, సవరల భాషను సవరలవద్దనే నేర్చుకొనిరి. దానికి వ్యాకరణమును, నిఘంటువును వ్రాసిరి. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పింప పాటుపడిరి. ఆ భాష నాగరికమా అనాగరికమా యని ఆయన ముందుగా మార్కులు వేయలేదు. మొదట వినిరి, పిమ్మట నేర్చిరి, ఆ పిమ్మట చెప్పిరి. పాటను విమర్శించువారికిని ఇదియే వరుస యని మా నమ్మకము.

కావున మేము మూడు మనవులు చేయుచున్నాము. మొదటిది పోటీలు నడపు పెద్దలకు: ఏ భాషలో పాట పాడబడునో ఆ భాష నెఱిగినవారు ఒకరైన న్యాయనిర్ణేతలలో నుండవలెను, గ్రామమునందలి వృద్ధగాయకురాలిని పిలిచి కూర్చుండబెట్టుటకు సంకోచింపవలదు. బహుమానము వచ్చినవారికిని రానివారికిని అంకెతోపాటు మూడు వాక్యములు వ్రాసి యీయవలెను: ఏమి బాగున్నది, ఏమి లోపించినది, ఎట్లు బాగుచేసికొనవచ్చును అని. మూడు వాక్యములు వ్రాయలేని న్యాయనిర్ణేత అంకె వేయుటకు అర్హుడు కాడు.

రెండవది తల్లిదండ్రులకు: మీ పాటలు చదువుకొన్న పిల్లలకు తగవని తలంపకుడు. మీ పిల్లల ఫోనులలో నూఱు చలనచిత్రపు పాటలకు చోటున్నది. మీ నాగలివద్ద పాటకు, ఊయలవద్ద పాటకు కూడ చోటు కలదు. వారు పట్టుకొనునపుడు కూర్చుండి పాడుడు. పాట ఎవరు నేర్పిరో, ఎప్పుడు పాడుదురో కూడ చెప్పుడు.

మూడవది విద్యార్థులకు: క్రొత్త ఆల్బము వచ్చినపుడు అంకెను చూడకుండ మూడు మాఱులు వినుడు. మొదటి మాఱు వినిపించినది మాత్రము వ్రాయుడు: ఏ వాద్యములు, ఎన్ని గొంతులు, ఏ నడక. రెండవ మాఱు ఆ పాట ఏమి చేయదలచినదో వ్రాయుడు: ఆడించుటకా, నిద్రపుచ్చుటకా, ఏడ్పించుటకా. మూడవ మాఱు ఆ పని నెరవేఱినదా యని వ్రాయుడు. అన్నిటికి చివర, ఒక్క వాక్యములో, మీకు నచ్చినదో లేదో చెప్పుడు. ఆ పిమ్మట విమర్శకులు వ్రాసినది చదివి, ఎచ్చట మీతో భేదించిరో చూడుడు. వారు మీకు వినబడనిదానిని వినియుండవచ్చును. మీరు వారికి వినబడనిదానిని వినియుండవచ్చును. ఈ రెండును లాభములే.

ఇట్లు వ్రాసిన విమర్శలను, ఒకటి క్రొత్త ఆల్బమును గుఱించి, ఒకటి మీ యింటి పాటను గుఱించి, మాకు పంపుడు. బాగున్నవానిని వచ్చు సంవత్సరపు సంచికలో ప్రకటింతుము. వానికి మార్కులు వేయము. ఎందులకు బాగున్నవో క్రింద వ్రాయుదుము.